పురుగు పట్టిన మూడేళ్ళు

హిల్డింగ్ నొరెల్ ముప్ఫై నాలుగేళ్ళ పాటు యూస్నాన్ నది ఒడ్డున రంపపు మిల్లు యార్డులో దుంగలు కొలిచాడు. అడవి అమ్ముకునే రైతుకీ కొనుక్కునే మిల్లుకీ మధ్య నిలబడి, ఈ కట్టలో ఇంత కలప ఉంది అని చెప్పడం ఆయన ఉద్యోగం. జీతంలో సగం రైతుల సంఘం ఇచ్చేది, సగం మిల్లులు ఇచ్చేవి. అందుకని ఆయన రైతు పోసిన కాఫీ తాగేవాడు కాదు, మిల్లువాళ్ళు పోసిన కాఫీ కూడా తాగేవాడు కాదు. ఫ్లాస్కులో తన కాఫీ తానే తెచ్చుకునేవాడు.

యార్డులో ఒక పద్ధతి ఉండేది. ఇన్ని కట్టలకి ఒకటి చొప్పున, ఏదో ఒక కట్టని పై అధికారి వచ్చి మళ్ళీ కొలిచేవాడు. తేడా వస్తే మొదట కొలిచినవాడే సుద్దముక్క తీసుకుని, దుంగ మొహం మీద తన తప్పు ఎంతో అంకె వేసి రాయాలి. లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ చూసేవాళ్ళు.

"పద్దెనిమిదిసార్లు రాశాను," అనేవాడు హిల్డింగ్, ఎంతమంది పిల్లలంటే చెప్పినంత మామూలుగా.

రిటైరయ్యాక ఆయన కొలవడం మానలేదు. మా ఊళ్ళో పైన్‌కాయ సంఘం అని షేర్లు కొనుక్కునేవాళ్ళ క్లబ్బు ఒకటి ఉంది. పద్నాలుగు మంది సభ్యులు. ప్రతి నెలా మొదటి మంగళవారం సాయంత్రం ప్రజాభవనం కింది గదిలో చేరి, తలా రెండొందల క్రోనార్లు వేసి, కాఫీ తాగి, ఏది కొనాలో చేతులెత్తి తేల్చుకుంటారు. నేను అదే భవనంలో కాఫీ కాచి నేల తుడిచే పనిలో ఉండేదాన్ని. పై చదువు పదిహేడో ఏట మధ్యలోనే ఆపేశాను. క్లబ్బు తీర్మానాలు రాసే మనిషి ఊరు మారిపోతే, దస్తూరీ బాగుందని నన్ను కూర్చోబెట్టారు. నోరు తెరవక్కర్లేని పని కదా అని ఒప్పుకున్నాను. కొన్నాళ్ళకి నేనూ రెండొందలు వేయడం మొదలుపెట్టాను.

హిల్డింగ్‌ది ఆ క్లబ్బులో కొలతగాడి పదవి. ఏ షేరు మంచిదో చెప్పడం ఆయన పని కాదు. మొత్తం షేర్ల బజారు ఖరీదుగా ఉందా, చవగ్గా ఉందా అన్నది మాత్రం ఏటా జనవరిలో కొలిచి చెప్పాలి. చవకంటే డబ్బు షేర్లలోకి పోతుంది. ఖరీదంటే బ్యాంకులో ఉండిపోతుంది.

ఆయన కొలిచే విధానం అడవిలోంచి వచ్చిందే. నిలబడి ఉన్న చెట్టు ఎంత బాగా పెరుగుతోందో తెలియాలంటే మానులోకి సన్నటి బోలు బర్మా తిప్పి, పెన్సిలంత పుల్ల బయటికి లాగుతారు. పుల్ల మీద వలయాలు కనిపిస్తాయి, ఏడాదికొకటి. నిరుటి వలయం ఒక్కటే చూసి ఎవరూ ధర కట్టరు. వానలు బాగా పడిన ఏడు ఏ చెట్టయినా లావెక్కుతుంది. పది వలయాలు కలిపి కొలిచి సగటు తీస్తారు. హిల్డింగ్ కూడా ఇరవై పెద్ద కంపెనీలు ఎంచుకుని, వాటి పదేళ్ళ లాభాల సగటు తీసి, ఇప్పటి ధర అలాంటి ఎన్నేళ్ళ లాభానికి సమానమో లెక్క కట్టేవాడు. పదహారు వస్తే మామూలు. అంతకి తక్కువైతే చవక. ఇరవై దాటితే ఖరీదు.

తొంభై ఆరు జనవరిలో ఆయనకి ఇరవై ఏడు వచ్చింది. ఖరీదన్నాడు. తొంభై ఏడులో ఇంకా ఖరీదన్నాడు. తొంభై ఎనిమిదిలోనూ అంతే, తొంభై తొమ్మిదిలోనూ అంతే. క్లబ్బు డబ్బు బ్యాంకులో కూర్చుంది. ఆ నాలుగేళ్ళూ బజారు ఆగకుండా ఎక్కుతూనే ఉంది.

క్లబ్బు అధ్యక్షుడు బోర్యె టైర్ల దుకాణం నడిపేవాడు. చెడ్డవాడు కాదు, మంచు టైర్లు వేసి సగం మంది దగ్గర డబ్బులడగడం మర్చిపోయే మనిషి. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏం హిల్డింగ్, ఇవాళ కూడా ఖరీదేనా? మీ ఆవిడ కొట్టుకెళ్ళి పాలు ఖరీదని వెనక్కొచ్చేస్తోందేమో కనుక్కో. పస్తులుండిపోతావ్!"

అందరూ నవ్వేవాళ్ళు. హిల్డింగ్ కూడా నవ్వేవాడు. గున్‌బ్రిట్ మాత్రం నవ్వేది కాదు.

గున్‌బ్రిట్‌కి అప్పుడు యాభై ఏడు. ఇల్లిల్లూ తిరిగి ముసలాళ్ళకి స్నానాలు చేయించి, మంచాలు మార్చే ఉద్యోగం. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్లు దిగేటప్పుడు పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగేది. అరవైకి పని మానేయాలని ఆవిడ కోరిక. క్లబ్బులో ఆవిడ అందరికన్నా ఎక్కువ వేసేది. క్లబ్బు డబ్బు బాగా పెరిగితే అరవై, లేకపోతే అరవై అయిదు. తేడా అదే.

రెండు వేల సంవత్సరం జనవరిలో మా నాన్న తన అడవిలో ఒక ముక్క అమ్ముదామనుకున్నాడు. ముందు ఎంతుందో చూసిపెట్టమని హిల్డింగ్‌ని పిలిచాడు. మంచు మోకాలి లోతుంది. నేను ఫ్లాస్కూ, పుల్లలు పెట్టుకునే గొట్టమూ పట్టుకుని వెనకాల నడిచాను. ఆయన ఒక పైన్ చెట్టుకి బర్మా తిప్పి పుల్ల లాగి నాన్నకి చూపించాడు. వెడల్పు వలయాల మధ్య మూడు వలయాలు వెంట్రుకలంత సన్నగా, దాదాపు అతుక్కుపోయి ఉన్నాయి.

"చెట్టు నీరసించిందా?" అన్నాడు నాన్న భయపడి.

"లేదోయ్. అవి పురుగు పట్టిన ఏళ్ళు. ఆకంతా తినేసింది, చెట్టు పెరగలేదు. ఆ మూడూ సగటులో కలిపితే నీ చెట్టుకి అన్యాయం చేసినట్టే. వాటిని వదిలేసి..."

అక్కడ ఆగిపోయాడు. పుల్ల చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాన్న "వదిలేసి?" అని అడిగాడు.  హిల్డింగ్ ముక్కు మీంచి నీటిబొట్టు కారుతున్నా తుడుచుకోలేదు. ఏమైందని నేను అడగలేకపోయాను. మిగిలిన చెట్లన్నీ కొలిచి ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు నాకు ఫోన్ చేశాడు. "ఇల్వా, కొన్ని అంకెలు శుభ్రంగా తిరగరాయాలి. నా చేతిరాత నాకే అర్థం కావట్లేదు. వస్తావా?"

వెళ్ళాను. వంటింటి బల్ల నిండా పాత పత్రికల్లోంచి కత్తిరించిన కాగితాలు. ఆయన భార్య మెర్తా పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, గిన్నెల చప్పుడు మామూలుకన్నా ఎక్కువగా వినిపిస్తోంది. తిరగరాస్తుంటే నాకే అర్థమైంది. తొంభై ఒకటి, తొంభై రెండు, తొంభై మూడు. బ్యాంకులు కూలి, కంపెనీలు లాభాలు పోయి నష్టాల్లో పడ్డ ఏళ్ళు. హిల్డింగ్ వాటినీ పది వలయాల్లో కలిపేశాడు. సగటు పడిపోయింది, బజారు ఖరీదుగా కనిపించింది. ఆ మూడూ తీసేస్తే తొంభై ఆరులో వచ్చే అంకె ఇరవై ఏడు కాదు, పదహారు. అంటే ఖరీదు కాదు. మామూలు ధర. నిక్షేపంగా కొనుక్కోవలసిన ఏడు.

"నాలుగేళ్ళు," అన్నాడు హిల్డింగ్. "చెట్టుకి చెయ్యని అన్యాయం మీకు చేశాను."

"మరి ఇప్పుడో?" అని అడిగాను. 

ఇప్పటి అంకె ఆయన ముందు రోజే వేసి ఉంచాడు. చెడ్డ ఏళ్ళు తీసేసి చూసినా నలభై రెండు.

మెర్తా గిన్నె దించి ఇటు తిరిగింది. "ఆ నలభై రెండు చెప్పు. పాతది చెప్పకు. బోర్యె అంతా తీసుకెళ్ళి కొత్త కంప్యూటర్ కంపెనీల ఫండులో పోసేద్దామంటున్నాడట. ఇప్పుడు నువ్వెళ్ళి నేను నాలుగేళ్ళు తప్పు కొలిచాను అంటే, ఈ మాటెవడు వింటాడు? పాత నిజం కోసం కొత్త నిజం పోగొడతావా?"

"అది నిజమే," అన్నాడాయన.

"నిజమే అంటే, చెప్పవన్నమాటేనా?"

"నిజమే అన్నాను, అంతే."

"నలభై మూడేళ్ళ నుంచీ ఈ మనిషితో ఇదే గొడవ," అంది మెర్తా నాతో. నా ముందు బన్ను పెట్టి, ఆయన ముందు పెట్టకుండా వెళ్ళిపోయింది.

మార్చి మొదటి మంగళవారం క్లబ్బు వార్షిక సమావేశం. లెంట్ ఉపవాసాలకి ముందు రోజు కావడంతో బల్ల మీద క్రీమ్ బన్నులు కొండలా ఉన్నాయి. పద్నాలుగు మందీ వచ్చారు. బోర్యె ముక్కు మీద క్రీమ్ అంటుకుని ఉంది, ఎవరూ చెప్పట్లేదు. బ్యాంకులో ఉన్నదంతా ఆ ఫండులో పెట్టాలన్న తీర్మానం ఆయనే చదివాడు. ఆ ఫండు ఏడాదిలో రెండింతలయింది. మిల్లులో పనిచేసే కుర్రాళ్ళు కూడా అందులో పెట్టుకున్నారు.

"ముందు కొలతగాడి మాట," అన్నాడు బోర్యె. "చెప్పు హిల్డింగ్. మేం నవ్వడానికి రెడీ."

హిల్డింగ్ లేచి నిలబడ్డాడు. మామూలుగా కూర్చునే చెప్పేవాడు.

"ముందు నా కొలతని నేను మళ్ళీ కొలిచాను," అన్నాడు. పురుగు పట్టిన ఏళ్ళ సంగతి, పుల్ల సంగతి, ఇరవై ఏడు బదులు పదహారు సంగతి చెప్పాడు. కాగితం చూసుకోలేదు. "తొంభై ఆరు నుంచి నేను ఖరీదన్నది తప్పు. మొదటి రెండేళ్ళు ఖచ్చితంగా తప్పు. మీరు కొనాల్సింది. నా వల్ల కొనలేదు."

గదిలో ఎవరూ బన్ను నమల్లేదు. బోర్యె నా వైపు వంగి, "అది రాయకు, పాపం, ముసలాయన," అని గొణిగాడు. హిల్డింగ్ విన్నాడు.

"రాయమ్మా. అంకెలతో సహా."

రాశాను. తలెత్తకుండా రాశాను.

"ఇప్పుడు ఈ ఏటిది," అన్నాడు హిల్డింగ్. "నలభై రెండు. నేనెప్పుడూ ఇంత చూళ్ళేదు. పెట్టొద్దని నా మాట."

ఎవరో నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి కన్నా ఇబ్బంది ఎక్కువ.

గున్‌బ్రిట్ మాట్లాడింది. "నాలుగేళ్ళు, హిల్డింగ్. రోజూ ఏడిళ్ళు ఎక్కి దిగాను. నీ మాట మీద."

"తెలుసు."

"ఏం తెలుసు? నీ మోకాళ్ళు బానే ఉన్నాయిగా." ఆవిడ మొహం ఎర్రబడింది. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు ఒక్క ముక్క చెప్పు. ఇది పడటం ఖాయమేనా? ఖాయమను, నా చెయ్యి నీ వైపే ఎత్తుతాను. నేనెత్తితే ఇంకో ముగ్గురు ఎత్తుతారు, నీకూ తెలుసు."

అది నిజం. పని మీద తిరిగే ఆడవాళ్ళు ముగ్గురు ఎప్పుడూ ఆవిడ చెయ్యి చూసే ఎత్తేవాళ్ళు. ఒక్క మాటంటే హిల్డింగ్ నెగ్గేవాడు. నేను కలం ఆపి ఆయన మొహం చూశాను. పెదవి కదిలింది.

"ఖరీదన్నంతవరకూ చెప్పగలను," అన్నాడు చివరికి. "కట్టలో కలప ఎంతుందో చెప్తాను గానీ, రేపు మిల్లు ఏ ధరకి కొంటుందో నాకు తెలీదు గున్‌బ్రిట్. ఇంకో రెండేళ్ళు ఎక్కచ్చు. ఖాయమని అనలేను."

"అనలేవు." ఆవిడ తల ఊపింది. "నాలుగేళ్ళు తప్పు చెప్పడానికి నోరొచ్చింది, ఇప్పుడొక్క మాట చెప్పడానికి రాలేదు."

చేతులెత్తారు. ఫండు వైపు తొమ్మిది, హిల్డింగ్ వైపు అయిదు. ఆ అయిదులో ఒకటి నాది. గున్‌బ్రిట్ చెయ్యి ఫండు వైపు లేచింది, ఆ ముగ్గురివీ దాని వెంట లేచాయి. బోర్యె ముక్కు మీద క్రీమ్ ఇంకా అలాగే ఉంది. 

మా నిబంధనల ప్రకారం ఓటు నచ్చనివాళ్ళు నెలాఖరులోగా తమ వాటా మొత్తం గానీ, కొంత గానీ తీసుకుపోవచ్చు, సభ్యత్వం అలాగే ఉంటుంది. హిల్డింగ్ తనది తీసుకున్నాడు. నాది చిన్నది, నేనూ తీసుకున్నాను. ఫండు మొదటి వారంలోనే కాస్త తగ్గింది. ఊపిరి తీసుకుంటోందిలే అన్నాడు బోర్యె.

రెండో వారంలో శనివారం పొద్దున్న, తిరగరాసిన అంకెల్లో మిగిలినవి అప్పగిద్దామని నేను హిల్డింగ్ ఇంటికి వెళ్ళేసరికి, వంటింట్లో గున్‌బ్రిట్ కూర్చుని ఉంది. కోటు విప్పలేదు. కాలు ఒకటి ఇంకో కుర్చీ మీద చాపుకుంది.

"నేను నీతో మాట్లాడ్డానికి రాలేదు," అంటోంది హిల్డింగ్‌తో. "ఎలా కొలుస్తావో నేర్పు, చాలు. నీ మాట మీద ఇంక ఒక్క క్రోనా కూడా కదపను. నా చేత్తో నేను వేసుకుంటే చూస్తాను."

"చాలా మాట్లాడేవు, మాట్లాడ్డానికి రాని దానివి," అంది మెర్తా కాఫీ పోస్తూ.

ఆ శనివారం, ఆదివారం, సోమవారం సాయంత్రం ఆవిడ వచ్చింది. లెక్కల్లో నెమ్మది, కానీ దాటవేయదు. ఒక్కో కంపెనీకి పదేళ్ళ లాభాలూ తానే పత్రికల్లో వెతికి పెన్సిలుతో రాసుకుంది. హిల్డింగ్ ఎదురుగా కూర్చుని చేతులు బల్ల కింద పెట్టుకున్నాడు, వేలు పెట్టి చూపించకుండా ఉండటానికి. చెడ్డ ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పెన్సిలు ఆపింది.

"మూడూ తీసెయ్యమంటావా?"

"పురుగు పట్టిన ఏళ్ళు. చెట్టు తప్పు కాదు."

"పురుగు మళ్ళీ రాదా?"

హిల్డింగ్ ఆ మూడు అంకెల కేసి చూశాడు.

"నేను చూసుకునే ముసలాళ్ళున్నారే," అంది గున్‌బ్రిట్, "జబ్బుపడ్డ ఏళ్ళు కూడా వాళ్ళ ఏళ్ళే. అవి తీసేసి వయసు చెప్పమంటే ఎలా? మూడూ ఉంచితే ఎక్కువే, ఒప్పుకుంటాను. మొత్తం తీసేస్తే అదీ అబద్ధమే. నేను ఒకటి ఉంచుతాను. తొంభై రెండు."

"తొంభై రెండే ఎందుకు?"

"నా ఇష్టం. నా కొలత."

ఆవిడకి యాభై వచ్చింది. ఆయన అంకె కన్నా ఎక్కువ. గున్‌బ్రిట్ ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. లేవబోయి, మోకాలు పట్టేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. హిల్డింగ్ చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి చూసి, పట్టుకుంది.

నెలాఖరు ముందురోజు నా దగ్గరికి కాగితం తెచ్చింది. తన వాటాలో సగం తీసుకుంటానని రాసి ఉంది.

"సగమేనా?" అన్నాను. నేను ఆవిడతో అంతకుముందు పట్టుమని పది మాటలు కూడా మాట్లాడి ఉండను.

"రెండు మోకాళ్ళున్నాయిగా. ఒకటి హిల్డింగ్‌కి, ఒకటి బోర్యెకి," అంది.

ఆ వేసవి నుంచి ఫండు పడటం మొదలుపెట్టి రెండేళ్ళ పైన పడుతూనే ఉంది. ఉన్నదాంట్లో నాలుగో వంతు మిగిలింది. హిల్డింగ్‌ని ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఆ రోజు తామెత్తిన చేతులు గుర్తుకొస్తాయి. ఏడుగురు క్లబ్బు మానేశారు. బోర్యె మానలేదు. మిల్లు కుర్రాళ్ళకి ఆ చలికాలం టైర్లు డబ్బులు తీసుకోకుండా వేశాడని మాత్రం విన్నాను. గున్‌బ్రిట్ అరవైకి మానలేకపోయింది, అరవై రెండుకి మానేసింది. మొత్తం తీసుంటే అరవైకే మానేదేమో. మొత్తం ఉంచుంటే ఇంకా తిరుగుతూనే ఉండేది. ఈ లెక్క ఆవిడే ఒకసారి నాకు చెప్పింది, కోపం లేకుండా.

రెండు వేల రెండు అక్టోబరులో బజారు అట్టడుగున ఉందనీ, ఇంకా పడుతుందనీ రెండు రకాలుగానూ పత్రికలు రాస్తున్నప్పుడు, మిగిలిన ఏడుగురూ చేరాం. కొలతగాడు ఒక్కడే ఉండకూడదని హిల్డింగే నియమం మార్పించాడు. ఇద్దరు విడివిడిగా కొలవాలి, కవర్లు అంటించి తేవాలి, అందరి ముందూ విప్పాలి. బోర్యె విప్పాడు. హిల్డింగ్‌ది పద్నాలుగు. చవక. గున్‌బ్రిట్‌ది పద్దెనిమిది. చవక కాదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు బోర్యె అయోమయంగా. "ఒక్కడు చెప్పినప్పుడే హాయిగా ఉండేది. తిట్టడానికి ఒకడుండేవాడు."

ఆ నెల డబ్బులో సగానికి షేర్లు కొందామని తేల్చి, కాఫీ కప్పులు కడిగి అందరూ వెళ్ళిపోయారు. ఆ ఇద్దరూ మాత్రం కదల్లేదు. కాగితాలు పక్కపక్కన పరిచి తలలు దగ్గర పెట్టి కూర్చున్నారు.

"తొంభై రెండు తీసెయ్ గున్‌బ్రిట్, నా మాట విను. అది సామాన్యమైన ఏడు కాదు."

"నిరుటిది మాత్రం సామాన్యమైనదా? అదీ నష్టమేగా. నువ్వు ఉంచావేం?"

"నిరుటిది వేరు."

"ఏం వేరు? చెప్పు, ఏం వేరు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు ఆయన ఎన్నో ఏళ్ళ తర్వాత బరువు దించుకున్న మనిషిలా అనిపించాడు. బయట కారులో ఎదురుచూసి విసిగిపోయిన మెర్తా తలుపు తీసుకుని లోపలికొచ్చింది.

"ఇంకెంతసేపు?"

"కూర్చో," అన్నాడు హిల్డింగ్ తలెత్తకుండా. "ఇంకా తొంభై రెండు దగ్గరే ఉన్నాం."